నలుగురి కళ్లముందు

మా చిన్నమ్మ తరఫున నేను రాసిన ఫిర్యాదు నకలు ఒకటి నా దగ్గరుంది. ఒకటిన్నర పేజీ. ఈమధ్య దాన్ని మళ్లీ తీసి చదివాను. దళిత స్త్రీల కథల్లోని భాష మీద ఆరేళ్లు పనిచేసి డాక్టరేట్ తెచ్చుకున్న మనిషి రాసినట్టు లేదది. "బ్రతుకుదెరువు నిమిత్తం కూలి పని చేసుకొని జీవించుచున్నాను" అని మొదలవుతుంది. "నన్ను కులం పేరుతో దూషించి, అవమానపరచి, మానసిక క్షోభకు గురిచేసినది" అని ముగుస్తుంది. చిన్నమ్మ జన్మలో 'క్షోభ' అనే మాట అని ఎరుగదు.

ఆమె నాకు చెప్పింది వేరు. "బిడ్డా, ఆమె నన్ను కొట్టలే. తిట్టుడంటవా, దినాం తిట్టేదే. గని ఆ రోజు నల్లా వచ్చింది, ఇంట్ల ఎవ్వరు లేరు, నీళ్లు పోతున్నయని బిందె వెట్టిన. ఆమె వచ్చి చూసి, నా ముంగట్నే బిందె బోర్లిచ్చింది. పసుపు నీళ్లు జల్లి చింతపండుతోని తోమింది. తోముకుంట తోముకుంట అన్నది. ఆ తోముడు సప్పుడు ఇంకా నా చెవులల్ల ఉన్నది."

తోముతూ ఆమె అన్న మాట ఇక్కడ రాయను. ఫిర్యాదులో మాత్రం రాయాల్సింది, రాయలేదు. 'కులం పేరుతో' అని తేల్చేశాను. బిందె లేదు, నల్లా లేదు, చింతపండు లేదు. ఇరవై ఏళ్లకు పైగా అదే ఇంట్లో సానుపు జల్లి, బోళ్లు తోమి, బర్రెల కొట్టం ఊడ్చిన చెయ్యి ఆ బిందెను మాత్రం ముట్టకూడదన్న సంగతీ లేదు. స్టేషన్‌లో కాగితం చదివి వినిపించినప్పుడు చిన్నమ్మ నన్ను చూసి మెల్లగా అడిగింది. "ఇండ్ల బిందె ఏదే?"

సాహిత్య విమర్శకురాలిగా నేను ఎదుర్కొన్న ప్రశ్నల్లో ఇంత గట్టిది ఇంకొకటి లేదు. అందుకే ఈ వ్యాసం పుస్తకాల గురించి ఎంతో, దరఖాస్తుల గురించీ అంతే. కుల వివక్షను అరికట్టడానికి ప్రభుత్వం పెట్టిన సంస్థలు, అంటే పోలీసులు, ప్రత్యేక కోర్టులు, కమిషన్లు, దళిత స్త్రీ చెప్పే కథను ఏ రూపంలో వినగలుగుతాయి? ఆ రూపంలోకి ఒదగనిది ఎక్కడికి పోతుంది?

చట్టం సంగతి ముందు చెప్పుకోవాలి. 1955 నాటి అస్పృశ్యత నేరాల చట్టం 1976లో పౌరహక్కుల పరిరక్షణ చట్టమయింది. 1985లో కారంచేడు, అటువంటి మరికొన్ని మారణకాండలు ఆ చట్టం చాలదని తేల్చాయి. 1989లో షెడ్యూల్డ్ కులాలు, తెగలపై అత్యాచారాల నిరోధక చట్టం, 1995లో దాని నియమాలు వచ్చాయి. 2015లో సవరించినప్పుడు మూడో సెక్షన్‌లో నేరాల జాబితా బాగా పెరిగింది. ఆ జాబితాను నేను ఎన్నోసార్లు చదివాను. ఊరి దారిలో సైకిల్ మీద పోనివ్వకపోవడం, చెప్పులు వేసుకోనివ్వకపోవడం, కొత్తబట్టలు కట్టనివ్వకపోవడం, పెళ్లి ఊరేగింపును అడ్డుకోవడం, బాణామతి చేస్తోందని ఆడమనిషిని హింసించడం, దేవదాసీగానో ఆ మాదిరి ఆచారంలోనో ఆడపిల్లను దేవత పేరిట విడవడం. ఇవన్నీ అందులో ఉన్నాయి. ఏ నవలాకారుడూ పల్లెను ఇంత సూక్ష్మంగా చూసి ఉండడనిపిస్తుంది. ఒక్కో క్లాజు వెనక ఎవరో ఒకరు ఏదో ఒక రోజు ఏడ్చి ఉంటారు కదా!

కానీ అవమానం దగ్గరికొచ్చేసరికి చట్టం ఒక షరతు పెట్టింది. కులం పేరుతో తిట్టినా, అవమానించినా అది 'పబ్లిక్ వ్యూ'లో జరగాలి. మన మాటలో చెప్పుకుంటే నలుగురి కళ్లముందు. దీన్ని 2008లో స్వరణ్‌సింగ్ కేసులో సుప్రీంకోర్టు వివరించింది. బహిరంగ స్థలమే కానక్కర్లేదు. ఇంటి ముందరి పచ్చికలో తిట్టినా ప్రహరీ అవతల దారిన పోయేవాళ్లకు కనిపిస్తే చాలు. ఇంటి లోపలైతే బయటివాళ్లు ఎవరైనా ఉండాలి, చుట్టాలూ స్నేహితులూ మాత్రమే ఉంటే చాలదు. 2020 నవంబర్‌లో హితేష్ వర్మ కేసులో ఫిర్యాది ఉత్తరాఖండ్‌కు చెందిన స్త్రీ. నాలుగు గోడల మధ్య జరిగిన మాట కాబట్టి ఈ సెక్షన్ వర్తించదంది కోర్టు. 2025 జనవరిలో తమిళనాడు నుంచి వచ్చిన కేసులో ఒక ఆఫీసు గదికి కూడా ఇదే వర్తించింది.

చట్టం ఊహలోని ఆ ఇంటిని చిన్నమ్మ పనిచేసిన ఇంటి పక్కన పెట్టి చూడండి. మా వైపు ఇండ్లకు ముందు వాకిలి, కడప, నడిమింట్ల, అర్ర, వెనక దొడ్డి. చిన్నమ్మ తెల్లారేసరికి వాకిట్లో సానుపు జల్లుతుంది. అప్పుడు నలుగురికీ కనిపిస్తుంది. కానీ ఆ సమయంలో ఎవరూ ఆమెను ఏమీ అనరు, ఎందుకంటే ఆమె ఉండాల్సిన చోటే ఉంది. ఆ తర్వాత ఇంటి చుట్టూ తిరిగి దొడ్డిదారిన వెనక్కి పోతుంది. తిట్టు పడేది అక్కడ. అక్కడ చూసేవాళ్లు ఇంటివాళ్లు. ఆ రోజు చూసింది కొత్త కోడలు. చట్టం లెక్కలో ఆమె 'బయటి మనిషి' కాదు. ఆ ఇంటి లెక్కలో లోపలి మనిషీ కాదు, పాపం. నోరు విప్పితే ఆమె గతేమిటో చిన్నమ్మకే బాగా తెలుసు. "ఆ పిల్లను అడగకు బిడ్డా, దాని సంసారం కూలిపోతది" అంది.

అక్కాచెల్లెళ్లమనే మాట మన పత్రికల్లో చాలాసార్లు రాసుకున్నాం. ఇద్దరాడవాళ్లు ఒక దొడ్లో నిలబడి ఉన్నారు. ఒకామె అవమానపడింది, ఒకామె చూసింది. ఒకరికొకరు సాక్ష్యం కాలేకపోయారు. దీనికి మన దగ్గర సిద్ధంగా మాట లేదు.

'నలుగురు' అనే మాట ఆడవాళ్లకు ఎలాంటిదో వేరే చెప్పాలా? నలుగురూ ఏమనుకుంటారు, నలుగుర్లో నవ్వులపాలు, నలుగురి నోళ్లలో నానొద్దు... పుట్టినప్పటి నుంచీ ఆ నలుగురికి దాక్కోమనే పెంచుతారు. తిట్టు నలుగురు వింటే అది రెండింతలు. అందుకే చిన్నమ్మ చుట్టూ చూసి, ఎవరూ లేరని నిమ్మళపడిందట. ఆమెకు ఊరటనిచ్చిన సంగతే చట్టం దగ్గర ఆమె కేసును తేల్చేసింది. ఎంత విచిత్రం!

ఇంటి గడప లోపలికి చట్టం ఎన్నడూ రాలేదంటే పొరపాటు. 2005 గృహహింస చట్టం వచ్చింది, కానీ అది ఆ ఇంట్లో సంబంధమున్న ఆడవాళ్లకు. పనిమనిషిది సంబంధం కాదు, జీతం. 2013లో పనిచేసే చోట లైంగిక వేధింపుల చట్టం ఇల్లు కూడా పనిచోటేనని స్పష్టంగా ఒప్పుకుంది. అత్యాచారాల చట్టంలోనే లైంగిక ఉద్దేశంతో చెయ్యి వేస్తే నలుగురి కళ్ల షరతు లేదు. అంటే ఒకే దొడ్డిలో నిలబడ్డ ఒకే మనిషి, ఒంటి మీద చెయ్యి పడితే చట్టానికి కనిపిస్తుంది, ఆమె ముట్టిన బిందెను తోమితే కనిపించదు. ఈ రెంటినీ విడదీసి చూడడం మన కథలకు రాదు. 'నల్లపొద్దు' (2003) సంకలనంలోనూ, 'నల్లరేగటి సాల్లు' (2006) సంకలనంలోనూ ఉన్న రచనలు వరుసగా చదివితే తెలుస్తుంది, అవమానం అనేది ఒక సంఘటన కాదని. అది దినచర్య. తేదీ, సమయం, స్థలం అని ఎఫ్ఐఆర్‌లో మూడు గళ్లుంటాయి. "దినాం" అనే మాట రాయడానికి గడి లేదు.

నేను ఫిర్యాదు రాస్తూ చేసిన పనేమిటో ఇప్పుడు తెలుస్తోంది. దినాం జరిగేదాన్ని ఒక రోజుకు కుదించాను. చప్పుడును 'దూషణ'గా మార్చాను. ఆమె నుడిని నా యూనివర్సిటీ తెలుగులోకి, దాన్ని పోలీస్ స్టేషన్ తెలుగులోకి తర్జుమా చేశాను. మా నల్లగొండ రచయిత వేముల ఎల్లయ్య 'కక్క' నవలను 2000లో మాదిగవాడ నుడికారంలో తెచ్చినప్పుడు, అర్థం కాదు, చదవలేం అని పెదవి విరిచిన వాళ్లను నా సిద్ధాంతగ్రంథంలో ఒక అధ్యాయం నిండా దులిపాను. ఆ అధ్యాయం రాసిన చెయ్యే ఈ దరఖాస్తు రాసింది. దరఖాస్తుకు మర్యాద కావాలనుకున్నాను. మర్యాద ఎవరి భాషదో నాకు తెలియదా?

ఇక కమిషన్ల సంగతి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో జస్టిస్ పున్నయ్య ఏకసభ్య కమిషన్‌ను వేశారు. జిల్లాలు తిరిగి, దళితవాడల్లో జనం చెప్పింది విని, 2001లో నివేదిక ఇచ్చింది. హోటళ్లలో రెండు గ్లాసులు, గుడి గడప, బావి, మంగలి షాపు. ఊరు చెప్పుకోవడానికి సిగ్గుపడే సంగతులన్నిటినీ ప్రభుత్వ కాగితం మీదికి ఎక్కించింది. దాని తర్వాతే 2003లో రాష్ట్ర ఎస్సీ ఎస్టీ కమిషన్ చట్టం వచ్చింది. కేంద్రంలో 1990 నాటి 65వ రాజ్యాంగ సవరణ జాతీయ కమిషన్‌కు దారి వేసింది. 2003 నాటి 89వ సవరణ దాన్ని ఎస్సీలకొకటి, ఎస్టీలకొకటిగా విడదీసింది. వీటికి సివిల్ కోర్టు అధికారాలున్నాయి. మనుషుల్ని పిలిపించగలవు, కాగితాలు తెప్పించగలవు. చివరికి చేయగలిగింది సిఫార్సు.

పున్నయ్య కమిషన్ లాంటి నివేదికను నేను సాహిత్యంగా చదువుతాను. హాస్యానికి అనడం లేదు. వినడం అనే పని ఉంది అందులో. ఒకాయన ఊరికి వచ్చి కూర్చుని, ఏమయిందో చెప్పండి అని అడగడమే చాలామందికి మొదటి అనుభవం. కానీ గ్లాసు, గుడి, బావి, షాపు, వీటిని మరోసారి చూడండి. దాదాపు అన్నీ మగవాళ్లు తిరిగే చోట్లు. హోటల్లో కూర్చుని చాయ్ తాగే ఆడకూలీలు ఎందరున్నారు? బావి ఒక్కటే ఆడవాళ్లది. ఆ బావులూ ఇప్పుడు ఎండిపోయి, ఇంటింటికీ నల్లాలొచ్చాయి. బావి దగ్గరి అంటరానితనం నల్లాతో పాటు ఇంట్లోకి నడిచి వచ్చి బిందె మీద కూర్చుంది. రెండు గ్లాసుల పద్ధతిని కూడా ప్లాస్టిక్ గ్లాసు మింగేసింది. అందరికీ వాడి పారేసే గ్లాసే అయినప్పుడు ఎవరికెవరు అంటరానివాళ్లో కమిషన్ వచ్చినా కనిపెట్టలేదు.

మన రాష్ట్రంలో నెల చివర్లో పౌరహక్కుల దినం అని ఊళ్లల్లో జరుపుతారు. పాత మహబూబ్‌నగర్ జిల్లాలో ఒక ఊరికి నేనూ వెళ్లాను. టెంటు, ప్లాస్టిక్ కుర్చీలు, తహసీల్దారు, ఎస్సై, సర్పంచ్. ముందు వరసలో మగవాళ్లు, వెనక చెట్టు నీడన ఆడవాళ్లు. మా ఊళ్లో అలాంటివేం లేవు సార్, అందరం కలిసే ఉంటం, అని ఒక పెద్దమనిషి అన్నాడు. చప్పట్లు. ప్రతిజ్ఞ. సహపంక్తి భోజనం. వెనక కూర్చున్న ముసలామె ఒకరు నా చెవిలో "వీళ్లు పోయినంక మాట్లాడుకుందాం" అంది. పోయినంక చాలా మాట్లాడింది. ఆ మాటలకు మినిట్స్ పుస్తకం లేదు. అయినా ఈ దినాన్ని ఎత్తేయమని మాత్రం అనను. ఎస్సై ఆ వాడకు వచ్చి కూర్చోవడం ఆమె మనవడు చూశాడు, దానికీ విలువుంది.

ఆ ప్రాంతంలోనే జోగినీల సమస్య. మక్తల్, నారాయణపేట, ఊట్కూరు వైపు. 1988లోనే రాష్ట్రం దేవదాసీ నిషేధ చట్టం చేసింది. 2015 సవరణలో ఇది అత్యాచారాల చట్టం కిందికి కూడా వచ్చింది. కానీ ముద్దాయి ఎవరు? దేవతా? పూజారా? మొక్కుకున్న తల్లా? ఊరా? గోగు శ్యామల కథ ఒకటుంది, ఊరు జోగినిగా విడవాలనుకున్న కూతుర్ని తండ్రి తీసుకుపోయి హాస్టల్లో చేర్పించే కథ. ఆమెది పాలమూరుకు ఆనుకొని ఉన్న తాండూరు ప్రాంతం. ఆ కథలో నేరం చేసేది ఊరు, శిక్ష పడేది తండ్రికి. ఏ చార్జిషీటూ అలా రాయలేదు, మొదటి ముద్దాయి 'ఊరు' అని. కథ రాయగలదు. నాకు ఆ కథలో ఇంకొకటి కూడా ముఖ్యం. మనం జోగిని అనగానే ఆడదాని కన్నీటిని వెతుకుతాం, ఆమె అక్కడ ఒక కొట్లాడే దళిత తండ్రిని నిలబెట్టింది. పురుషుడంటే ఒకే ఒక్క పితృస్వామి అనే మన పాత లెక్కను అది కలవరపెడుతుంది. శాంతిప్రబోధ 'జోగిని' నవల నిజామాబాద్ వైపు బతుకును తీసుకుని ఇదే వ్యవస్థను ఇంకో దిక్కు నుంచి చూస్తుంది. రెంటినీ పక్కపక్కన పెట్టి ఎవరైనా పరిశోధన చేస్తే బాగుండును.

నలుగురి కళ్లు ఉన్నప్పుడు ఏమవుతుంది? 2018 సెప్టెంబర్ 14న మిర్యాలగూడలో ప్రణయ్‌ను ఆస్పత్రి ముందు, గర్భంతో ఉన్న భార్య పక్కనుండగా నరికి చంపారు. కెమెరా చూసింది, దేశమంతా చూసింది. 2025 మార్చి 10న నల్లగొండలోని ఎస్సీ ఎస్టీ ప్రత్యేక కోర్టు ఒకరికి ఉరి, ఆరుగురికి యావజ్జీవం వేసింది. ఉరిశిక్షతో నాకు పేచీ ఉంది, అది వేరే వ్యాసం. అంత చూసిన కేసుకు ఆరున్నరేళ్లు.

కళ్లు లేనప్పుడు? 2021 జూన్‌లో మరియమ్మ అనే దళిత స్త్రీని, ఇంట్లో వంటపని చేసే మనిషిని, దొంగతనం అంటగట్టి యాదాద్రి భువనగిరి జిల్లా అడ్డగూడూరు పోలీస్ స్టేషన్‌కు తీసుకుపోయారు. కస్టడీలో చనిపోయింది. హైకోర్టు రెండోసారి పోస్టుమార్టం చేయించింది. ముగ్గురు పోలీసుల ఉద్యోగాలు పోయాయి. అది కూడా పాత నల్లగొండే. నాలుగు గోడల మధ్య పనిచేసిన ఆమె ఇంకో నాలుగు గోడల మధ్య పోయింది. వివక్ష మీద ఫిర్యాదు ఇవ్వాల్సింది ఎక్కడ అని అడిగితే ఆ రెండో నాలుగు గోడలనే చూపిస్తాం.

ప్రపంచంలో ఇంకెక్కడైనా మెరుగ్గా ఉందా అని వెతుక్కోవడం పరిశోధకుల అలవాటు. 2001 డర్బన్ సదస్సులో కులం జాతివివక్ష కిందికి రాదని భారత ప్రభుత్వం పట్టుబట్టింది. మరుసటేడే ఐక్యరాజ్యసమితి జాతివివక్ష నిర్మూలన కమిటీ, పుట్టుకను బట్టి చూపే వివక్షలో కులమూ ఉందని తన 29వ సాధారణ సిఫార్సులో చెప్పింది. బ్రిటన్‌లో 1976లోనే జాతి సమానత్వ కమిషన్ పెట్టారు. 2007లో దాన్ని సమానత్వ, మానవహక్కుల కమిషన్‌లో కలిపారు. ఆ దేశపు చట్టం కింద పెర్మిలా టిర్కీ అనే ఆదివాసీ స్త్రీ కేసు వేసింది. బిహార్ నుంచి తీసుకుపోయి ఒక భారతీయ కుటుంబం ఇంట్లో పనికి పెట్టుకున్నారు. గంటకు 11 పెన్నీలు పడింది. కులం 'జాతి మూలం' కిందికి రావచ్చని 2014లో అప్పీలు ట్రిబ్యునల్ అంది. 2015లో జీతం బకాయి కిందే 1,80,000 పౌండ్లకు పైగా ఇమ్మన్నారు. అక్కడ ఆమెను నలుగురి ముందు తిట్టారా అని ఎవరూ అడగలేదు. పనిచోటు అన్నాక అది పనిచోటే, గోడలెన్నయినా.

కాలిఫోర్నియాలో 2020లో ప్రభుత్వ శాఖే సిస్కో కంపెనీ మీద కుల వివక్ష కేసు వేసింది. ఫిర్యాది పేరు బయటపెట్టకుండా శాఖే వాది అయింది. ఇద్దరు మేనేజర్ల మీద కేసును 2023లో అదే వెనక్కి తీసుకుంది, కంపెనీ మీద దావాను మాత్రం ఉంచింది. గెలుపోటములు పక్కన పెడదాం. ఫిర్యాది బదులు సంస్థ నిలబడడం అనేది నాకు ఆశ కలిగించింది. మన వాళ్లే అమెరికా పోయి కులాన్ని ఇంజనీర్ల మధ్య నాటారనుకుంటే సిగ్గూ వేసింది.

ఇక్కడ మేం ఒక కమిషన్‌కు రాసినప్పుడు ఏమయిందంటే, కమిషన్ ఎస్పీ నుంచి నివేదిక కోరింది. ఎస్పీ డీఎస్పీని కోరారు. డీఎస్పీ అదే స్టేషన్‌ను కోరారు. సాక్షులు లేనందున, ఘటన ఇంటి లోపల జరిగినందున, అని జవాబు అదే మెట్ల మీదుగా పైకి పోయింది. ఎవరూ అబద్ధమాడలేదు, లంచం తినలేదు. నా దరఖాస్తులో ఉన్నదానికి అది సరైన జవాబే. బిందె గురించి నేను రాసి ఉంటే ఏమయ్యేదో తెలియదు. అదే ఫలితం వచ్చేదేమో. కానీ కనీసం ఆ మెట్ల మీద ఎక్కీ దిగీ ఆ బిందె నలుగురి చేతుల్లో పడేది. ఆ అధికారుల్లో ఎవరో ఒకరు చింతపండు దగ్గర ఆగేవాళ్లు.

సుప్రీంకోర్టు 2021 ఏప్రిల్‌లో పటాన్ జమాల్ వలీ కేసులో, ఆంధ్రప్రదేశ్‌కు చెందిన ఒక అంధ దళిత యువతి గురించి చెబుతూ, కులం, ఆడతనం, వైకల్యం ఒకదానితో ఒకటి పెనవేసుకుని పనిచేస్తాయని వివరంగా రాసింది. అత్యాచారానికి శిక్ష నిలబెట్టింది. కులం కారణంగానే నేరం జరిగిందనడానికి సాక్ష్యం లేదని అత్యాచారాల చట్టం కింద శిక్షను మాత్రం తీసేసింది. ఆ తీర్పులోని విశ్లేషణ చదివి, మన విమర్శకులు రాయాల్సింది జడ్జీలు రాశారే అని సంతోషపడ్డాను. చివరి పేరా దగ్గర పుస్తకం మూసేశాను.

ఈ వేసవిలో ఊరికి పోయినప్పుడు చిన్నమ్మను కూర్చోబెట్టి రెండో అర్జీ రాశాను. ఆమె చెప్పినట్టే, మాట మార్చకుండా. "దినాం తిట్టేదే" అని రాశాను. "తోముకుంట తోముకుంట అన్నది" అని, అన్నదేమిటో కూడా రాశాను. రాస్తుంటే చెయ్యి ఒకటి రెండుసార్లు ఆగింది. చిన్నమ్మ ఆగలేదు. ఇప్పుడు ఆమె ఆ ఇంటికి పోవడం లేదు. ఉపాధి పనికి పోతోంది. అర్జీ చదివి వినిపించాక, "బోర్లిచ్చినాంక నీళ్లు కాలువ దాక పారినయ్, అది గూడ రాయి" అంది. మార్జిన్‌లో రాశాను.

రిజిస్టర్ పోస్టులో పంపాం. పదిహేను రోజులకు రసీదు కాగితం వచ్చింది, నంబర్ వేసి. విషయం అన్న చోట, "కులం పేరుతో దూషణ - గురించి" అని టైపు చేసి ఉంది. చిన్నమ్మ దాన్ని మడిచి రేషన్ కార్డు కవర్లో పెట్టుకుంది.